పలాస తొక్క, రాజాం ఊక: పారేసేదాంట్లో లాభం ఎంత?

క్లుప్తంగా: పర్యావరణానికి మేలు చేసే పద్ధతులన్నీ లాభం తెచ్చిపెట్టవు. కొన్న సరుకు, కాల్చిన ఇంధనం, వాడిన కరెంటు ఎక్కడ వృథా అవుతున్నాయో అక్కడ చెయ్యి పెట్టిన యూనిట్లకు మాత్రం అవి కచ్చితంగా కలిసివస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని జీడి యూనిట్లు, రైసు మిల్లులు, జూట్ మిల్లులు, ఫెర్రో ఎల్లాయ్స్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహాలు) పరిశ్రమల్లో ఈ లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

పలాస, కాశీబుగ్గ వ్యాపారంలో జీడి పిక్కల బస్తా అంటే 80 కిలోలు. రైతుకు ధర కట్టేది ఆ బస్తాకే, మద్దతు ధర కోసం రైతులు అడిగేదీ ఆ బస్తాకే. దాన్ని ఉడికించి, కోసి, ఆరబెట్టి, పొర తీస్తే చేతికొచ్చే పప్పు బస్తా బరువులో పావు వంతుకు కాస్త అటూఇటూ. మిగిలింది తొక్క, పొర, ఆవిరైపోయిన తేమ. తొక్కే 50 కిలోలు దాటుతుంది. అంటే యజమాని డబ్బు పెట్టి కొని, లారీ కిరాయి కట్టి, గోదాములో దాచి, బాయిలర్‌లో ఉడికించిన సరుకులో చాలా భాగం పప్పు కాదు. ఆ మిగతా భాగం ఏ దారిన బయటికి పోతోందన్నదే ఈ వ్యాసం విషయం.

పర్యావరణ నిబంధన అనగానే చిన్న పరిశ్రమల యజమానుల్లో ఎక్కువమందికి గుర్తొచ్చేది నోటీసు, జరిమానా, పొగగొట్టం ఎత్తు. ఆ భయంలో నిజం లేకపోలేదు. అయితే కాలుష్యాన్ని ఖర్చుల పద్దులో మాత్రమే రాసుకుంటే ఒక సంగతి కంటికి ఆనదు. పొగలో కలిసేదీ, మురుగులో పారేదీ, రోడ్డు పక్కన గుట్టపడేదీ అంతకుముందు ఎవరో కొన్న సరుకే.

### ఈ ఆలోచన ఎక్కడిది

అమెరికా కంపెనీ త్రీఎం 1975లోనే కాలుష్యాన్ని ముందే అరికడితే డబ్బు మిగులుతుందన్న సూత్రం మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. బయటికొచ్చిన మురికిని శుద్ధి చేయడం కన్నా, అది పుట్టకుండా తయారీ పద్ధతినే మార్చడం చవక అన్నది దాని సారం. 1995లో మైకేల్ పోర్టర్, క్లాస్ వాన్ డెర్ లిండె అనే ఆర్థికవేత్తలు దీన్నే సిద్ధాంతంగా చెప్పారు. వనరులను సరిగా వాడుకోకపోవడమే కాలుష్యంగా బయటపడుతుందనీ, సరిగా రూపొందిన నిబంధనలు పరిశ్రమను మెరుగైన పద్ధతుల వైపు నెడతాయనీ వారి వాదన. దీన్ని ఒప్పుకోని ఆర్థికవేత్తలూ ఉన్నారు. నేల మీద నోట్లు పడి ఉంటే యజమానులు ఎవరూ చెప్పకుండానే ఏరుకుంటారు కదా అని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఉత్తరాంధ్ర చిన్న పరిశ్రమల్లోనే జవాబు ఉంది. పడి ఉన్న నోట్లు కనబడాలంటే కొలవాలి. ఎంత ధాన్యం ఆడించారో ప్రతి మిల్లూ రాసుకుంటుంది. ఎంత ఊక కాల్చారో రాసే మిల్లులు తక్కువ. ఊక సొంతం కాబట్టి దానికి ఖరీదు లేదనుకుంటారు.

డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్ పట్టణంలో 1970ల నుంచి ఒక ఫ్యాక్టరీ వదిలేసిన ఆవిరి, నీరు, జిప్సం మరో ఫ్యాక్టరీకి ముడిసరుకుగా పోతున్నాయి. ఏ ప్రభుత్వ ప్రణాళికతోనూ అది మొదలు కాలేదు. ఇరుగుపొరుగు ఫ్యాక్టరీలు ఒకదానితో ఒకటి బేరాలు కుదుర్చుకోవడంతో నెమ్మదిగా అల్లుకుంది. మన దగ్గర రైసు మిల్లు ఊక ఇటుక బట్టీకి పోవడమూ అలాంటి బేరమే. కాకపోతే ఆ బేరం చాలాచోట్ల అక్కడితోనే ఆగిపోయింది.

### తొక్కలో నూనె

జీడి తొక్కలో రెండు పొరల మధ్య తేనెపట్టులా ఉండే గదుల్లో చిక్కటి ముదురు రంగు నూనె ఉంటుంది. పిక్కలు కోసే మహిళలు చేతులకు బూడిదో నూనెనో రాసుకునేది దీనికి భయపడే. చర్మానికి తగిలితే పుండు పడుతుంది. తొక్క బరువులో ఈ నూనె 25 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఎక్స్‌పెల్లర్‌లో పిండితే సుమారు ఐదో వంతు చేతికొస్తుంది. వాహనాల బ్రేక్ లైనింగులు, రంగులు, రెసిన్ల తయారీకి ఇది కావాలి.

పాత పద్ధతిలో పిక్కలను డ్రమ్ములో కాల్చేవారు. నూనె మండిపోయి, కళ్లు మండించే పొగగా ఊరి మీద పడేది. ఆవిరితో ఉడికించే పద్ధతి వచ్చాక పొగ బాగా తగ్గింది, పప్పు రంగు బాగుపడింది, తొక్క నూనెతో సహా మిగిలింది. ఇక్కడ పర్యావరణం, లాభం ఒకే దారిలో నడిచాయి. గుండు పప్పు ధరకూ బద్ద ధరకూ తేడా ఎక్కువ కాబట్టి, పప్పు విరగకుండా రావడమే యజమానిని మార్పుకు ఒప్పించే మొదటి కారణం. పొగ తగ్గడం దాని వెంట వచ్చిన మేలు.

కథ అక్కడితో అయిపోలేదు. నూనె తియ్యని తొక్కనే బాయిలర్ కింద వేస్తే డ్రమ్ము పొగ మళ్లీ బాయిలర్ గొట్టంలోంచి వస్తుంది. ఆ పొగ జిగట మసిగా మారి బాయిలర్ ట్యూబులకు అంటుకుంటుంది. మసి వేడిని నీటికి చేరనివ్వదు. 3 మిల్లీమీటర్ల మసి పేరుకుంటే ఇంధనం 2.5 శాతం దాకా అదనంగా పడుతుందని ఇంధన ఆడిటర్ల లెక్క. అదే తొక్కను ముందు నూనె తీసి, మిగిలిన పిండిని కాలిస్తే పొగ తగ్గుతుంది, మంట నిలకడగా ఉంటుంది, నూనె డబ్బు విడిగా వస్తుంది. ఒక బస్తా పిక్కల తొక్క నుంచి పది కిలోల అటూఇటూ నూనె అంటే, దాన్ని కాల్చేయడం పెద్ద నష్టమే.

మరి అందరూ ఎందుకు తీయరు? రోజుకు కొద్ది బస్తాలు కోసే యూనిట్‌కు ఎక్స్‌పెల్లర్ కొనడం గిట్టదు. అది రోజంతా తిరిగితేనే పెట్టుబడి తిరిగొస్తుంది. కాబట్టి పలాస లాంటి చోట చిన్న యూనిట్లు తొక్కను నూనె మిల్లుకు అమ్మడమో, కొందరు కలిసి ఉమ్మడిగా మిల్లు పెట్టుకోవడమో దారి. వందల యూనిట్లు ఒకేచోట ఉండటం పలాసకు ఉన్న పెద్ద బలం. విడివిడిగా ఉంటే ఏ ఒక్కరికీ గిట్టని యంత్రం అక్కడ గిట్టుబాటవుతుంది.

### 67 కిలోలు ప్రభుత్వానివి, మిగతావి మిల్లరువి

రైసు మిల్లు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. ప్రభుత్వం తరఫున కొన్న ధాన్యాన్ని మర ఆడించే మిల్లరు క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగివ్వాలి. ఇచ్చే మర ఛార్జీ స్వల్పం. మిగిలిన 32, 33 కిలోల్లో ఉన్న ఊక, తవుడు, అదనపు నూక మిల్లరువే. మిల్లు బతికేది ప్రధానంగా ఈ మిగులు మీదే. అంటే వ్యర్థం అనిపించుకునేదే ఇక్కడ అసలు వ్యాపారం.

ఊక ధాన్యం బరువులో ఐదో వంతు. కిలోకు 3,000 కిలోకేలరీలకు పైగా వేడి ఇస్తుంది. తాల్చేరు గనుల నాసిరకం బొగ్గుకు ఇది పెద్దగా తీసిపోదు. ఉప్పుడు బియ్యం మిల్లు ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టడానికి ఊకనే కాలుస్తుంది. ఆవిరి పైపులకు పూత లేకపోతే, వాడిన ఆవిరి చల్లబడి వచ్చిన వేడి నీళ్లను కాలవలోకి వదిలేస్తే, ఎక్కువ ఊక కాలుతుంది, ఎక్కువ పొగ వస్తుంది, అమ్ముకోవడానికి తక్కువ ఊక మిగులుతుంది. బాయిలర్‌లోకి పోసే నీరు 6 డిగ్రీలు వేడిగా ఉంటే ఇంధనం ఒక శాతం మిగులుతుందన్నది బాయిలర్ పనివాళ్లకు పాత సూత్రం. 30 డిగ్రీల బోరు నీటికి బదులు, వెనక్కి తెచ్చిన వేడి నీళ్లు కలిపి 60 డిగ్రీలకు చేరిస్తే 5 శాతం ఊక మిగిలినట్టే. దానికి కావాల్సింది కొంత పైపు, ఒక ట్యాంకు, ఒక పంపు. పొగగొట్టంలోంచి పోయే వాయువుల వేడి 22 డిగ్రీలు తగ్గినా మరో శాతం కలిసివస్తుంది.

ఊక కాలాక బూడిద దాని బరువులో 15 నుంచి 20 శాతం. రోజుకు 100 టన్నుల ధాన్యం ఆడించే మిల్లు తన ఊకంతా కాలిస్తే రోజూ 3 నుంచి 4 టన్నుల బూడిద. మిల్లుల పక్క ఊళ్లలో గొడవలకు మూలం ఎక్కువగా ఇదే. గాలికి లేచి ఆరేసిన బట్టల మీద, కుండలో నీళ్ల మీద పడుతుంది. దారిన పోయే బైకు మనిషి కళ్లలో కొడుతుంది. ఇదే బూడిదలో 85 శాతానికి పైగా సిలికా ఉంటుంది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన కప్పడానికి, కాంక్రీటులో సిమెంటుకు తోడుగా కలపడానికి దీనికి గిరాకీ ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం ఇక్కడికి దూరమేమీ కాదు. చిక్కంతా నాణ్యతలో ఉంది. మంట అదుపు తప్పి ఊక సగం కాలితే నల్ల బూడిద, అతిగా కాలితే సిలికా గట్టిపడి కాంక్రీటుకు పనికిరాని బూడిద వస్తుంది. 700 డిగ్రీలు దాటకుండా నిదానంగా కాలిస్తే తెల్లబడ్డ మేలిరకం బూడిద వస్తుంది. మంట మీద అదుపు సాధించిన మిల్లుకు ఊరితో తగవు తగ్గుతుంది, అమ్మకానికి ఒక సరుకు పెరుగుతుంది.

తవుడుదీ అదే దారి, కాకపోతే అక్కడ గడియారంతో పోటీ. మర ఆడిన క్షణం నుంచే తవుడులోని ఎంజైము నూనెను చెడగొట్టడం మొదలుపెడుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆమ్లం పెరిగి, వంటనూనెకు పనికొచ్చే తవుడు సబ్బు నూనె స్థాయికి దిగజారుతుంది. త్వరగా ఆవిరి పట్టి నిలవపెట్టే ఏర్పాటు ఉన్న మిల్లుకు నూనె ఫ్యాక్టరీ ఇచ్చే ధర వేరు.

### కరెంటు బిల్లులో కనపడని గీత

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు ఇక్కడ బిల్లు పడేది కేవీఏహెచ్ లెక్కన, అంటే నిజంగా పనికొచ్చిన కరెంటుకు కాదు, లైను నుంచి లాగిన మొత్తానికి. ఈ రెండింటి నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్. మిల్లు నిజంగా వాడుకున్నది 100 యూనిట్లే అయినా పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే 125కు డబ్బు కట్టాలి. సరైన కెపాసిటర్లు పెట్టి 0.98కి తెస్తే అదే పనికి 102 మాత్రమే. ఒక్క యంత్రం మార్చకుండా, ఒక్క గంట పని తగ్గకుండా బిల్లు ఇంతగా దిగడం మరో చోట కనపడదు. కాలిపోయిన కెపాసిటర్లను మార్చకుండా నెలల తరబడి వదిలేయడం మాత్రం మామూలే.

గాలి ఊదే బ్లోయర్లది మరో కథ. ఎక్కువ గాలి వస్తోందని డ్యాంపరు సగం మూసి నడపడం అంటే, బావిలో నీళ్లు తోడి సగం మళ్లీ బావిలోనే పోయడం. దానికి బదులు మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పరికరం పెట్టి వేగాన్ని 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వేగానికి, విద్యుత్తుకు మధ్య ఉన్నది ఘనం లెక్క (0.8 × 0.8 × 0.8 అంటే 0.51) కాబట్టి అంత తేడా.

ఇంత లాభమున్నా అన్నీ అందరికీ గిట్టవు. ఉదాహరణకు 20 హెచ్‌పీ మోటారు తీసుకుందాం. రెండు మూడుసార్లు వైండింగ్ కట్టించిన పాత మోటారు సామర్థ్యం 87 శాతం, కరెంటు తక్కువ తాగే ఐఈ3 తరగతి కొత్త మోటారుది 92 శాతం అనుకుంటే గంటకు సుమారు 0.93 యూనిట్ తేడా. యూనిట్ ధర 7 రూపాయలనుకుందాం. సీజనులో మాత్రమే నడిచే మిల్లులో ఏడాదికి 2,000 గంటలు తిరిగితే మిగిలేది సుమారు 13 వేల రూపాయలు. అదే మోటారు మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో 6,000 గంటలు తిరిగితే 40 వేలు. ఒకే మోటారు, ఒకే ధర. పెట్టుబడి తిరిగొచ్చే కాలం మాత్రం మూడు రెట్లు తేడా. ఒక జిల్లాలో ఫలానా యూనిట్ బాగుపడిందని విని మరో యూనిట్ అదే చేస్తే చేతులు కాలేది ఇలాంటి చోటే. ఆ సీజను మిల్లు పాత మోటారు కాలిపోయినప్పుడు మళ్లీ వైండింగ్ కట్టించకుండా కొత్తది కొంటే సరిపోతుంది. బాగున్నదాన్ని తీసేయాల్సిన పని లేదు.

మిల్లు కప్పు మీద సోలార్‌కూ ఇదే సూత్రం. కిలోవాటుకు రోజుకు 4 యూనిట్ల చొప్పున పలకలు ఏడాదంతా కరెంటు ఇస్తాయి. మిల్లు ఖరీఫ్ ధాన్యం వచ్చాక కొద్ది నెలలే నడుస్తుంది. మిగతా నెలల కరెంటు గ్రిడ్‌కు ఏ ధరకు పోతుందన్నదే లాభాన్ని తేలుస్తుంది. తీరానికి దగ్గర మరో ఖర్చు కూడా కలుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఈ రెండు జిల్లాలను ఎలా ఊడ్చాయో చూశాక, గాలిని తట్టుకునే గట్టి ఫ్రేములు లేకుండా పలకలు బిగించడం సాహసమే.

### పచ్చని సరుకు, తాళం పడే మిల్లు

పర్యావరణ హితమైన సరుకు తయారుచేస్తే లాభం దానంతటదే వస్తుందనుకునేవారు విజయనగరం జూట్ మిల్లుల వైపు చూడాలి. గోనె సంచి మట్టిలో కలిసిపోతుంది. గోగునార ఈ ప్రాంతపు మెట్ట పంట. 1987 చట్టం ఆహారధాన్యాలకు గోనె సంచులు తప్పనిసరి చేసింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. ఇన్ని అనుకూలతలున్నా నెల్లిమర్ల, విజయనగరం, రాజాం, బొబ్బిలి ప్రాంతాల కార్మికులకు లాకౌట్ అన్నమాట బాగా తెలుసు.

కారణాలు పర్యావరణంలో లేవు. పాత మగ్గాలు, బెంగాల్ నుంచి తెచ్చుకునే ముడి జనుము, గోగు ఊరవేయడానికి చెరువుల్లో నీళ్లు లేక తగ్గిన సాగు, దాదాపు పూర్తిగా ప్రభుత్వ సంచుల ఆర్డర్ల మీదే ఆధారం. సరుకు పచ్చనిదే, తయారీ మాత్రం ఖర్చు కారిపోయే పాత పద్ధతిది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు పచ్చదనానికి అదనపు ధర అడిగే వీలు కూడా ఉండదు.

విలువ పెరిగే దారి ఉంది. నార మెత్తబడటానికి మామూలుగా ఖనిజ నూనె చల్లుతారు. కాఫీ, కోకో కొనే విదేశీ వ్యాపారులు ఆ నూనె వాసన అంటని సంచులు కోరుతారు. అలాంటి సంచులకు ఖనిజ నూనెకు బదులు తవుడు నూనె వాడతారు. తవుడు ఇక్కడి రైసు మిల్లుల్లో ఉంది, కాఫీ పక్కనే అరకులో ఉంది, సంచి నేసే చేతులు నెల్లిమర్లలో ఉన్నాయి. ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్న ప్రాంతం దేశంలో మరొకటి వెతకడం కష్టం.

### గరివిడి నుంచి యూరప్ దాకా

ఫెర్రో ఎల్లాయ్స్ పరిశ్రమకు పర్యావరణ లెక్క ఇప్పుడు సముద్రం అవతల నుంచి వస్తోంది. గరివిడిలో, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఉన్న ఫర్నేసులకు కరెంటే ప్రాణం. టన్ను సిలికో మాంగనీసుకు సుమారు 4,000 యూనిట్లు పడుతుంది. విద్యుత్ ఛార్జీ పెరిగినప్పుడల్లా ఫర్నేసులు ఆపేస్తామని యాజమాన్యాలు అనడం అందుకే.

దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి యూరోపియన్ యూనియన్ వేసే కార్బన్ సరిహద్దు సుంకం 2023 అక్టోబరు 1 నుంచి వివరాల సమర్పణ దశలో నడిచి, 2026 జనవరి 1 నుంచి డబ్బు కట్టే దశలోకి వచ్చింది. ఫెర్రో మాంగనీసు, ఫెర్రో క్రోమ్ దీని పరిధిలో ఉన్నాయి. కట్టేది అక్కడి దిగుమతిదారే అయినా, భారం ధర బేరంలో ఇక్కడి తయారీదారు మీదికే వస్తుంది. ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. ఈ సరుకులకు ప్రస్తుతం లెక్కలోకి వచ్చేది ఫ్యాక్టరీలో నేరుగా వెలువడే కార్బన్ మాత్రమే. కరెంటు తయారీలో పుట్టింది కాదు. అంటే సోలార్ కరెంటు కొన్నంత మాత్రాన ఈ సుంకం తగ్గదు. ఫర్నేసులో కోక్, బొగ్గు ఎంత పొదుపుగా వాడారు, ఆ వాడకానికి నమ్మదగిన రికార్డు ఉందా అన్నదే ముఖ్యం. సోలార్‌తో కరెంటు బిల్లు తగ్గొచ్చు, అది వేరే పద్దు.

చిట్టెం (లోహం తీశాక మిగిలే స్లాగ్) విషయంలో మాత్రం ఈ పరిశ్రమ పాఠం ముందే నేర్చుకుంది. ఫెర్రో మాంగనీసు తీశాక మిగిలే చిట్టెంలో ఇంకా మాంగనీసు ఉంటుంది. దాన్నే సిలికో మాంగనీసు తయారీకి ముడిసరుకుగా వాడతారు. ఫెర్రో క్రోమ్ చిట్టెంలో చిక్కుకున్న లోహాన్ని నీటి జల్లెడల మీద వేరుచేస్తారు.

### లెక్కకు రాని ఖర్చు

పైడిభీమవరం పారిశ్రామిక వాడలోని ఔషధ పరిశ్రమలకు వ్యర్థజలాల శుద్ధి నిజంగానే బరువైన ఖర్చు. నీటిని చుక్క మిగలకుండా ఆవిరిచేసే యంత్రాలు కరెంటు, ఆవిరి తెగ తాగుతాయి. ఇక్కడ లాభం శుద్ధి యంత్రం దగ్గర లేదు, దానికి ముందు ఉంది. మందుల ముడి రసాయనాల తయారీలో వాడే పదార్థాల్లో ఎక్కువ భాగం ద్రావకాలే. వాటిని రియాక్టరు పక్కనే వేడిచేసి, చల్లార్చి పట్టుకుంటే మళ్లీ వాడుకోవచ్చు, మురుగు బలమూ తగ్గుతుంది. ఎంత ద్రావకం వెనక్కి వస్తే అంత కొనుగోలు తప్పుతుంది. మురుగులోకి పోతే మాత్రం కొనడానికి ఒకసారి, వదిలించుకోవడానికి ఇంకోసారి ఖర్చు.

ఈ పద్దుల్లో ఎక్కడా రాయని ఖర్చు ఇంకొకటి ఉంది. 2010 జూలైలో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళన మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి రద్దయింది, ఆ కేంద్రం కట్టనే లేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర (ఇవీ చిత్తడి నేలలే) భూముల్లోనూ అదే విషాదం. పోయిన ప్రాణాలకు వెల కట్టలేం. పెట్టుబడిదారు వైపు నుంచి చూసినా, నీటిని, చేపను, పశువుల మేతను నమ్ముకున్న ఊళ్లను లెక్కలోంచి తీసేసి వేసిన ప్రాజెక్టు అంచనా తప్పుడు అంచనాయే. ఆగిపోయిన ప్రతి నెలా అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

### పెట్టుబడి ఎవరిస్తారు

చిన్న యూనిట్‌కు అడ్డం పడేది చాలాసార్లు తెలియనితనం కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. సీజనులో ఉన్న డబ్బంతా పిక్కల మీదో ధాన్యం మీదో ఉంటుంది. రెండేళ్లలో తిరిగొచ్చే పెట్టుబడికి కూడా ఆ సమయంలో రూపాయి దొరకదు. లోపాలు, కాలుష్యం లేని తయారీకి గుర్తింపుగా కేంద్రం ఎంఎస్ఎంఈలకు ఇచ్చే జెడ్ సర్టిఫికెట్ ఖర్చులో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం రాయితీ ఉంది. ఇంధన పొదుపు యంత్రాల అప్పుల మీద సూక్ష్మ, చిన్న సంస్థలకు 5 శాతం, మధ్యతరహావాటికి 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చే పథకాన్ని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2025 జూలైలో ప్రారంభించింది.

బ్యాంకు మేనేజరు అడిగే మొదటి కాగితం మాత్రం ఒక్కటే: ఇప్పుడు ఎంత ఖర్చవుతోంది, మార్పు తర్వాత ఎంత అవుతుంది. టన్ను ధాన్యానికి ఎన్ని యూనిట్లు, బస్తా పిక్కలకు ఎన్ని కిలోల తొక్క కాలింది అన్న రెండు అంకెలు ఏడాదిపాటు పుస్తకంలో రాసిపెట్టిన యూనిట్‌కు ఆ కాగితం ఒక పూటలో సిద్ధమవుతుంది. బాయిలర్ దగ్గర ఒక కాటా, ప్రతి పెద్ద మోటారుకూ ఒక చిన్న మీటరు ఉంటే ఆ అంకెలు వస్తాయి.